రికార్డును పేరు పెట్టి అడుగుదాం, రికార్డుల జాబితా గోడమీద పెట్టిద్దాం

సంపాదకుల వారికి, నమస్కారం.

సమాచార హక్కు చట్టం 2005 అక్టోబరు 12న పూర్తిగా అమల్లోకి వచ్చింది. ఇరవై ఏళ్లు దాటినా "దరఖాస్తు పెడితే జవాబు రాదు, వస్తే పనికొచ్చేది రాదు" అన్న ఫిర్యాదు మీ ఉత్తరాల పేజీలో తరచూ కనిపిస్తూనే ఉంది. ఆ ఫిర్యాదు నిజమే. అయితే దీనికి రెండు మూలాలున్నాయి. దరఖాస్తుదారులు ప్రశ్నలు అడుగుతున్నారు గానీ రికార్డులు అడగడం లేదు. కార్యాలయాలు తమ దగ్గర ఏ రికార్డు ఉందో ఊరికి చెప్పడం లేదు. రెండోది సరిచేస్తే మొదటిది చాలావరకు సర్దుకుంటుంది. అందుకే ఈ ఉత్తరం కొంచెం పొడుగ్గా రాస్తున్నాం.

ఊళ్లలో ఎక్కువగా వచ్చే దరఖాస్తునే తీసుకుందాం. "మా వీధిలో వేసిన సిమెంటు రోడ్డు ఏడాదికే ఎందుకు పగిలింది? బాధ్యులు ఎవరు? వారిపై ఏం చర్య తీసుకున్నారు?" దీనికి పౌర సమాచార అధికారి, అంటే దరఖాస్తులకు జవాబివ్వాల్సిన ఉద్యోగి, ఒక్క వాక్యంలో తిప్పికొడతాడు: "ఇది సెక్షన్ 2(ఎఫ్) కింద సమాచారం కాదు." సమాచారం అంటే ఏమిటో చెప్పేది ఆ సెక్షనే, చట్టం అతని వైపే ఉంది. కార్యాలయం దగ్గర అప్పటికే ఉన్న సమాచారాన్నే ఇవ్వాలి, లేనిదాన్ని కొత్తగా తయారుచేసి ఇవ్వనక్కర్లేదు, కారణాలు ఊహించి చెప్పనక్కర్లేదు అని సుప్రీంకోర్టు 2011లో సీబీఎస్‌ఈ జవాబు పత్రాల కేసులో స్పష్టం చేసింది.

అదే రోడ్డు గురించి ఇలా అడిగితే తప్పించుకోవడం కష్టం. పని పేరు, ఏ సంవత్సరం, ఏ పథకం నిధులు అన్నది పైన రాసి, కింద ఈ పత్రాల ధ్రువీకరించిన నకళ్లు కోరండి: పరిపాలనా అనుమతి ఉత్తర్వు, సాంకేతిక మంజూరు పొందిన ఎస్టిమేటు, కాంట్రాక్టరుతో చేసుకున్న అగ్రిమెంటు, ఆ పనికి సంబంధించిన ఎం.బుక్ పేజీలు, నాణ్యత పరీక్షల నివేదికలు, చెల్లించిన బిల్లులు, మొత్తం నోట్ ఫైలు (ఆ పనిపై అధికారులు రాసుకున్న నోట్లు). ఇవన్నీ లేకుండా ఏ బిల్లూ పాస్ కాదు. కాబట్టి "మా దగ్గర లేవు" అని రాసిన అధికారి, కాగితాలు లేకుండానే డబ్బు చెల్లించామని తన సంతకంతో ఒప్పుకున్నట్టు అవుతుంది.

వీటిలో అన్నిటికంటే విలువైనది ఎం.బుక్, అంటే కొలతల పుస్తకం. దాని పేజీలకు నంబర్లుంటాయి, పేజీ చించితే తెలిసిపోతుంది. అసిస్టెంట్ ఇంజినీరు కొలతలు రాస్తాడు, పైఅధికారి మళ్లీ కొలిచి సంతకం చేస్తాడు, ఇద్దరూ తేదీలు వేస్తారు. ఉదాహరణకు పొడవు 200 మీటర్లు, వెడల్పు 3 మీటర్లు, మందం 0.15 మీటరు అని రాసి ఉంటే 90 ఘనపు మీటర్ల కాంక్రీటుకు డబ్బు ఇచ్చినట్టు. పొడవు, వెడల్పు టేపుతో ఎవరైనా కొలవొచ్చు. మోసం ఎక్కువగా మందంలో జరుగుతుంది. నిజానికి వేసింది 10 సెంటీమీటర్లే అయితే రోడ్డు మీద ఉన్నది 60 ఘనపు మీటర్లే. మూడో వంతు సొమ్ము ఎటో పోయింది.

మందం ఎలా తెలుస్తుందని చాలామంది అక్కడే ఆగిపోతారు. చట్టంలో దానికీ దారి ఉంది. సెక్షన్ 2(జె) ప్రకారం పనిని స్వయంగా పరిశీలించే హక్కు, వాడిన సామగ్రి నుంచి ధ్రువీకరించిన నమూనా తీసుకునే హక్కు ఉన్నాయి. "ఈ రోడ్డులో ఫలానా మూడు చోట్ల నా సమక్షంలో కోర్ నమూనా తీసి, ధ్రువీకరించి ఇవ్వండి, తేదీ ముందుగా తెలపండి" అని విడిగా ఒక పేరా రాయాలి. కోర్ నమూనా అంటే రోడ్డును పైనుంచి అడుగుదాకా గుండ్రంగా కోసి తీసే ముక్క, దాని ఎత్తే రోడ్డు మందం. ఈ నిబంధన వాడుకునేవాళ్లు చాలా తక్కువ. చట్టం మొత్తంలో కాంట్రాక్టరు అన్నిటికంటే భయపడేది దీనికే అని మా నమ్మకం.

నాణ్యత నివేదికలో తేదీలు చూడండి. కాంక్రీటు పోసిన రోజు 15 సెంటీమీటర్ల ఘనాలు పోసి, 7 రోజులకు, 28 రోజులకు బలం పరీక్షిస్తారు. కాంక్రీటు పోసిన తేదీకీ 28 రోజుల నివేదిక తేదీకీ మధ్య రెండు వారాలే ఉంటే ఆ నివేదిక బల్ల దగ్గర కూర్చుని రాసిందే. అలాగే పైఅధికారి కొలిచిన తేదీ కంటే ముందే బిల్లు చెల్లించి ఉంటే, కొలవకుండానే సంతకం పెట్టారన్నమాట. ఇలాంటివి పట్టుకోవడానికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు, క్యాలెండరు చాలు.

దరఖాస్తు ఎవరికి ఇవ్వాలన్న దగ్గర కూడా పొరపాటు జరుగుతుంది. రోడ్డు ఊళ్లో ఉంది గనుక పంచాయతీ కార్యదర్శికి ఇస్తారు. పని పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ శాఖ చేయించినదైతే ఎం.బుక్ ఆ శాఖ సబ్ డివిజన్ కార్యాలయంలో ఉంటుంది. కార్యదర్శి చేయాల్సింది సెక్షన్ 6(3) ప్రకారం అయిదు రోజుల్లో దాన్ని సరైన కార్యాలయానికి పంపి, ఆ సంగతి దరఖాస్తుదారుకు తెలపడం. చాలాచోట్ల "మాకు సంబంధం లేదు" అని తిప్పి పంపుతున్నారు. అది చట్టవిరుద్ధం, మొదటి అప్పీలుకు అదొక్కటే సరిపోయే కారణం. దరఖాస్తు అడుగున "మీ వద్ద లేని భాగాన్ని సెక్షన్ 6(3) కింద బదిలీ చేయగలరు" అని ఒక వాక్యం రాసిపెట్టుకుంటే తరవాత వాదన తేలికవుతుంది.

ఫీజు విషయం. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 2005 నాటి నియమాలే ఆధారం. గ్రామ స్థాయి కార్యాలయాలకు ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. ఏ స్థాయో అనుమానంగా ఉంటే 10 రూపాయల కోర్టు ఫీ స్టాంపు అంటించండి. నగదు ఇస్తే రసీదు తప్పకుండా తీసుకోండి. తెల్ల రేషన్ కార్డు వంటి దారిద్ర్యరేఖ రుజువు జత చేస్తే దరఖాస్తుకూ నకళ్లకూ ఏమీ కట్టక్కర్లేదు. నకళ్లు పేజీకి 2 రూపాయలు. రికార్డును కళ్లారా చూడడానికి మొదటి గంట ఉచితం. అప్పీళ్లకు ఈ రెండు రాష్ట్రాల్లో ఫీజు లేదు. ఎందుకు అడుగుతున్నారో చెప్పమని ఎవరైనా అంటే సెక్షన్ 6(2) చూపించండి, కారణం చెప్పనక్కర్లేదు. తెలుగులో రాసిన దరఖాస్తును ఇంగ్లిషులో తెమ్మనే హక్కు కూడా ఎవరికీ లేదు.

గడువు లెక్క దరఖాస్తు కార్యాలయానికి చేరిన రోజు నుంచి మొదలవుతుంది, మనం పోస్టు చేసిన రోజు నుంచి కాదు. అందుకే స్పీడ్ పోస్టు చేరినట్టు రుజువు తీసి దాచుకోవాలి. గడువు 30 రోజులు, ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించినదైతే 48 గంటలు. ఆ సమాచారం ఎవరికి సంబంధించినదో ఆ మూడో వ్యక్తి అభిప్రాయం అడగాల్సి వస్తే 40 రోజులు. నకళ్లకు ఇంత కట్టండని ఉత్తరం వస్తే, ఆ ఉత్తరం పంపిన రోజు నుంచి మనం కట్టేరోజు వరకు గడియారం ఆగుతుంది. ఇక్కడే ఒక ఎత్తు వేస్తారు. ఇరవై తొమ్మిదో రోజున "412 పేజీలు, 824 రూపాయలు" అని ఉత్తరం పంపి, అడగని కాగితాలు కూడా కలిపేస్తారు. ఆ ఉత్తరంలో లెక్క ఎలా వేశారో, ఎవరికి అప్పీలు చేసుకోవాలో ఉండాలని సెక్షన్ 7(3) చెబుతోంది. అంత డబ్బు కట్టడానికి ముందు "రికార్డు పరిశీలనకు తేదీ ఇవ్వండి" అని రాయండి. వెళ్లి చూసి, కావలసిన పది పన్నెండు పేజీలు గుర్తుపెట్టి వాటికే డబ్బు కట్టొచ్చు. 30 రోజులు దాటాక ఇస్తే మాత్రం సెక్షన్ 7(6) ప్రకారం నకళ్లు ఉచితం, అప్పుడు పైసా అడగకూడదు.

జవాబు రాకపోయినా, నచ్చకపోయినా 30 రోజుల్లో మొదటి అప్పీలు వెయ్యాలి. అది అదే శాఖలోని పైఅధికారి దగ్గరకు వెళుతుంది. 30 రోజుల్లో, కారణం రాసిపెట్టి ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో తేల్చాలి. చట్టంలో ఉన్న పెద్ద లోపం ఇక్కడే కనిపిస్తుంది. సెక్షన్ 20 కింద రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 వరకు జరిమానా పౌర సమాచార అధికారికే గానీ, అప్పీలు అధికారికి కాదు. అందుకే చాలా మొదటి అప్పీళ్లు విచారణ లేకుండా బీరువాలో పడి ఉంటాయి. అయినా ఆ మెట్టు వదలకూడదు. అది వేయకుండా రెండో అప్పీలుకు వెళితే దాన్ని వినే రాష్ట్ర సమాచార కమిషన్ వెనక్కి పంపిస్తుంది. రెండో అప్పీలుకు 90 రోజుల గడువు. దరఖాస్తు, చేరిన రుజువు, మొదటి అప్పీలు, వచ్చిన జవాబులు వరసగా నంబర్లు వేసి జత చెయ్యండి. ఏయే పత్రం ఇప్పించాలో, జరిమానా వేయాలో, సెక్షన్ 19(8)(బి) కింద నష్టపరిహారం కావాలో విడివిడిగా రాయండి. కోరనిది కమిషన్ తనంత తాను ఇచ్చే సందర్భాలు అరుదు.

కోపంతో నేరుగా కమిషన్‌కు సెక్షన్ 18 కింద ఫిర్యాదు పెట్టేవాళ్లు ఎక్కువయ్యారు. ఆ దారిలో అధికారికి జరిమానా పడవచ్చు గానీ పత్రం మాత్రం చేతికి రాదు. ఫిర్యాదు మీద సమాచారం ఇమ్మని ఆదేశించే అధికారం కమిషన్‌కు లేదని 2011 డిసెంబరులో మణిపూర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాగితం కావాలంటే సెక్షన్ 19 అప్పీలే.

ఇక "రికార్డు దొరకడం లేదు" అన్న జవాబు. దీన్ని చూసి వెనక్కి తగ్గేవాళ్ల కోసమే ఈ పేరా. చట్టంలో సమాచారం ఇవ్వకుండా ఉండడానికి సెక్షన్ 8, 9లలో కారణాలు లెక్కగట్టి ఉన్నాయి. "దొరకడం లేదు" వాటిలో లేదు. ఒకప్పుడు కార్యాలయంలో ఉన్న రికార్డు ఇప్పుడు కనిపించకపోతే గట్టిగా వెతికించాలి, విచారణ జరిపించి బాధ్యులెవరో తేల్చాలి అని ఢిల్లీ హైకోర్టు 2013లో విశ్వాస్ భంబుర్కర్ కేసులో తీర్పు ఇచ్చింది. అప్పీలులో ఆ తీర్పు పేరు రాయండి. "కాలపరిమితి దాటింది, ధ్వంసం చేశాం" అంటే ధ్వంసానికి అనుమతిచ్చిన ఉత్తర్వు నకలు, ధ్వంసం చేసిన రికార్డుల జాబితా అడగండి. జిల్లా కార్యాలయాల్లో ఫైలు ముగించేటప్పుడే దాని ఆయుష్షు రాసిపెడతారు. ఆర్.డిస్ అని ఉంటే శాశ్వతం, డి.డిస్ అయితే పదేళ్లు, ఎల్.డిస్ అయితే ఏడాది. ఏ ఫైలును ఏ రకంగా ముగించారన్నది కార్యాలయంలోని సెక్షన్ గుమాస్తా తన ఫైళ్ల వివరాలు రాసుకునే పర్సనల్ రిజిస్టరులో ఉంటుంది. ఆ రిజిస్టరులో ఆ నంబరు ఉన్న పేజీ నకలు ఒక్కటి తీసుకుంటే, ఫైలు ఎప్పుడు పుట్టింది, ఎవరి చేతుల్లోంచి వెళ్లింది, ఎలా ముగిసింది అన్నీ తెలుస్తాయి. ఈ-ఆఫీసులో, అంటే కంప్యూటరు మీదే, నడిచిన ఫైలైతే ఇంకా తేలిక. ఎవరి దగ్గర ఏ రోజు నుంచి ఏ రోజు వరకు ఆగిందో తేదీ, గంటతో సహా అందులో నమోదై ఉంటుంది. ఆ కదలికల ప్రింటు అడగండి.

భూమి తగాదాల్లో ఈ సంగతి మరీ ముఖ్యం. "నా భూమి వివరాలు ఇవ్వండి" అని రాస్తే ఆన్‌లైన్ పహాణీ ఒకటి ప్రింటు తీసి చేతిలో పెడతారు, అది మీసేవలోనే దొరుకుతుంది. తెలంగాణలో అయితే 1954-55 ఖాస్రా పహాణీ, సేత్వార్ (తొలి సర్వే, సెటిల్‌మెంటు రిజిస్టరు), మ్యుటేషన్ ఫైలు (రికార్డులో పేరు మార్చిన ఫైలు) అని పేరు పెట్టి అడగాలి. కోస్తా, రాయలసీమల్లో ఆర్.ఎస్.ఆర్ (రీసెటిల్‌మెంటు రిజిస్టరు), ఎఫ్.ఎం.బి (పొలం కొలతల పటం), అడంగల్ (సాగు వివరాల లెక్క), 1-బి (హక్కుల రికార్డు). పేరు ఎప్పుడు, ఏ ఉత్తర్వు మీద మారిందన్నది మ్యుటేషన్ ఫైలులోనే ఉంటుంది, కంప్యూటర్ కాగితంలో ఉండదు.

ఇన్ని పేర్లు సామాన్యుడికి ఎలా తెలుస్తాయి? తెలియనక్కర్లేకుండా చేయడానికే సెక్షన్ 4 పెట్టారు. రికార్డులన్నిటికీ జాబితా, సూచిక తయారుచేయాలని 4(1)(ఎ) అంటుంది. ఎవరూ అడగకుండానే 17 అంశాలు ప్రకటించాలని, ఏటా సవరించాలని 4(1)(బి) అంటుంది. కార్యాలయం దగ్గర ఏయే రకాల పత్రాలున్నాయో చెప్పే జాబితా ఆ 17లో ఒకటి. వాటి ప్రకటనకు చట్టం ఇచ్చిన గడువు 120 రోజులు, అంటే 2005లోనే ముగిసింది. మండల కార్యాలయాల్లో ఇప్పుడు కనిపించేది అధికారుల పేర్లు రాసిన పసుపు బోర్డు ఒక్కటే, అదీ బదిలీ అయిన అధికారి పేరుతో. బోర్డు ఉంటే చట్టం అమలైనట్టు లెక్క రాసేస్తున్నారు. జాబితా లేనిచోట పౌరుడు గుడ్డిగా ప్రశ్నలు వేస్తాడు, అధికారి ఆ ప్రశ్నల్లోని లొసుగు పట్టుకుని తప్పించుకుంటాడు. దీన్ని మించిన అన్యాయం ఈ చట్టం అమలులో మాకు కనిపించలేదు.

జీవోల సంగతి కూడా ఇలాంటిదే. జీవోలను ప్రజలు నేరుగా చదువుకోవడానికి ఉమ్మడి రాష్ట్రంలోనే వెబ్‌సైటు పెట్టారు. 2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో ఆ సైటులో జీవోలు పెట్టడం ఆపేశారు, 2024 ఆగస్టులో మళ్లీ మొదలుపెట్టారు. అదే 2021 ఆగస్టులో తెలంగాణ హైకోర్టు, జీవో ఇచ్చిన 24 గంటల్లో వెబ్‌సైటులో పెట్టాలని ఆ రాష్ట్ర ప్రభుత్వాన్ని ఆదేశించాల్సి వచ్చింది. ప్రభుత్వం మారితే సైటు తెరుచుకోవడం, ఇంకో ప్రభుత్వం వస్తే మూసుకోవడం సరికాదు. జీవో నంబరు వరసలో ఖాళీ కనిపిస్తే ఆ నంబరు రాసి నకలు అడగండి, రహస్యమంటే ఏ సెక్షన్ కింద రహస్యమో రాసివ్వమనండి.

కొత్తగా వచ్చిన చిక్కు వ్యక్తిగత సమాచారం. పాత సెక్షన్ 8(1)(జె) ప్రకారం ప్రజా కార్యకలాపాలతో సంబంధం లేని, లేదా ఒకరి గోప్యతకు అనవసరంగా భంగం కలిగించే వ్యక్తిగత వివరాలనే నిరాకరించే వీలుండేది. చట్టసభకు ఇవ్వక తప్పని సమాచారాన్ని పౌరుడికీ నిరాకరించకూడదన్న రక్షణ కూడా ఉండేది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టంలోని సెక్షన్ 44(3) ఆ షరతులన్నీ తీసేసింది. ఇది 2025 నవంబరులో అమల్లోకి వచ్చింది. ఇక మీదట పేరు ఉన్న ప్రతి కాగితానికీ "వ్యక్తిగతం" అన్న ముద్ర పడే ప్రమాదం ఉంది. లబ్ధిదారుల జాబితా, మస్టర్ రోల్ (కూలీల హాజరు పట్టిక), అధికారి సంతకం చేసిన నోట్ ఫైలు, దేన్నైనా అలా ఆపగలరు. ఈ సవరణ వెనక్కి తీసుకోవాలన్నది మా గట్టి అభిప్రాయం. అంతవరకు దరఖాస్తులో మూడు ఆయుధాలు వాడండి. సబ్సిడీ పథకాల లబ్ధిదారుల వివరాలు 4(1)(బి)లోని పన్నెండో అంశం కింద, పర్మిట్లు, రాయితీలు పొందినవారి వివరాలు పదమూడో అంశం కింద ప్రభుత్వమే ప్రకటించాలి, ఆ అంశాల్లో మార్పు లేదు. ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వొచ్చన్న సెక్షన్ 8(2) అలాగే ఉంది. ఆధార్, బ్యాంకు ఖాతా, ఫోను నంబర్లు చెరిపేసి మిగతాది ఇమ్మని సెక్షన్ 10 కింద అడగండి. ఎదుటివాళ్ల ఆధార్ నంబరు మనకెందుకూ అక్కర్లేదు, ఆ మాట దరఖాస్తులో ముందే రాసెయ్యడం మంచిది.

ఇంత చేసినా చివరికి కమిషన్ పనిచేస్తేనే ఫలితం. తెలంగాణ కమిషన్ 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే వరకు కమిషనర్లు లేక మూతపడింది. ఖాళీ రావడానికి ఒకటి రెండు నెలల ముందే నియామకం మొదలుపెట్టాలని సుప్రీంకోర్టు 2019లోనే చెప్పింది. పదవీ విరమణ తేదీ చేరినరోజే తెలుస్తుంది గనుక ఆలస్యానికి సాకు లేదు. 2019 సవరణ తరవాత కమిషనర్ల పదవీకాలం అయిదేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గింది కాబట్టి ఖాళీలు మరింత తరచుగా వస్తాయి.

మీ పత్రికకు మా విన్నపం ఒకటుంది. జిల్లా సంచికల విలేకరులను ఒక్కో మండల కార్యాలయానికి పంపి, సెక్షన్ 4(1)(బి) పుస్తకం చూపించమని అడిగించండి. ఉందా, ఏ సంవత్సరానిది, రికార్డుల జాబితా అందులో ఉందా అన్న మూడు సంగతులు కార్యాలయం పేరుతో సహా వరసగా ప్రచురించండి. ఆ పుస్తకాన్ని పౌరులెవరైనా ఉచితంగా చూడొచ్చు, దానికి దరఖాస్తు కూడా అవసరం లేదు.

ఇట్లు,
సమాచార హక్కు కార్యకర్తలు,
కర్నూలు